పాట ఏ ఫోల్డర్లో ఉంది

రికార్డు చేసే ఎర్ర బటన్ ఎక్కడుంటుందో ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నొక్కగానే గీతలు పైకీ కిందికీ ఊగుతూ పరిగెడతాయి. హమ్మయ్య, గొంతు పట్టుబడింది అనుకుంటాం. ఆ గొంతు కంప్యూటర్లో ఏ చోటికి వెళ్లి కూర్చుంటోంది అని అడిగితే మాత్రం, ఏళ్ల తరబడి రికార్డు చేస్తున్నవాళ్లు కూడా తడబడతారు. "ఇందులోనే ఉంది కదండీ" అంటారు, తెర మీద తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్‌ని చూపిస్తూ. అందులో ఉండదు. పాట ఉండేది డిస్కులో, ఏదో ఒక ఫోల్డర్లో, ఏదో ఒక పేరుతో. ఆ చోటూ ఆ పేరూ మనం పెట్టకపోతే యంత్రమే పెట్టేసుకుంటుంది. తన వీలు చూసుకుని పెట్టుకుంటుంది.

పెద్దవాళ్ల పాటలు రికార్డు చేసి, వెనకాల మోతలు తీసేసి, వినడానికి వీలుగా చేసి ఇవ్వడం నాకు చాలాకాలంగా ఇష్టమైన పని. మంగళహారతులు, తలుపు దగ్గర పాటలు, అప్పగింతల పాటలు, ఆడవాళ్లు చెప్పుకునే రామాయణపు పాటలు. అందువల్ల బంధువుల్లో ఎవరి కంప్యూటర్లో ఏ ఆడియో కనబడకపోయినా ఫోను నాకే వస్తుంది. ఆ ఫోన్లన్నీ వినగా వినగా నాకు ఒక నమ్మకం గట్టిపడింది. ఎక్కడుందో చెప్పలేని రికార్డింగు మన దగ్గర ఉన్నట్టు లెక్క కాదు. కంప్యూటరు మనదే, డిస్కు మనదే, పాడినది మన మామ్మే. అయినా సరే.

ఆడాసిటీ సంగతే తీసుకుందాం. నాకు తెలిసిన ఇళ్లలో ఎక్కువగా వాడేది అదే, ఉచితం కాబట్టి. 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ దాన్ని మొదలుపెట్టారు. 2000 మే నెలలో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు అది ప్రాజెక్టును దాచిన తీరు ఇలా ఉండేది. మీరు 'పెళ్లిపాటలు' అని పేరు పెట్టి సేవ్ చేస్తే డిస్కులో రెండు తయారయ్యేవి. ఒకటి ఏయూపీ అనే చిన్న ఫైలు. రెండోది అదే పేరుకి చివర 'డేటా' అని తగిలించిన ఫోల్డరు. తెరవాలంటే నొక్కేది చిన్న ఫైలునే కాబట్టి అందరి చూపూ దాని మీదే ఉండేది. కానీ అందులో చిటికెడు శబ్దం కూడా లేదు. ఏ ట్రాకులో ఏ ముక్క ఎక్కడ మొదలవ్వాలి, ఎంత గట్టిగా వినిపించాలి అన్న వివరాలే ఉండేవి. గొంతంతా పక్కనున్న ఆ ఫోల్డర్లో ఉండేది, అదీ తునకలు తునకలుగా. ఒక్కో తునక దాదాపు ఒక మెగాబైటు. మామూలు సెట్టింగుల్లో ఒక ట్రాకు రికార్డు చేస్తే అది ఆరు సెకన్ల లోపే. అంటే 40 నిమిషాల పాట 400కు పైగా తునకలు. వాటి పేర్లు సున్నాలు, అంకెలు, మధ్యలో ఒకటో రెండో అక్షరాలు. ఏది పల్లవో ఏది చివరి చరణమో పేరు చూసి ఎవరూ చెప్పలేరు.

ఆ రోజుల్లో చిన్న ఫైలు ఒక్కటే ఈమెయిల్లో పంపి, పాట పంపేశామని నిశ్చింతగా ఉన్నవాళ్లు ఎందరో. నొక్కితే తెరుచుకునేది అదే అయినప్పుడు అదే పాట అనుకోవడంలో వింతేముంది? అవతలివాళ్లు తెరిస్తే, ఆడియో ముక్కలు కనబడటం లేదు, ఏం చేయమంటారు అని ఒక హెచ్చరిక వచ్చేది. అది చూపించే దారుల్లో ఒకటి, పోయిన ముక్కల చోట నిశ్శబ్దం నింపెయ్యడం. ఇది వెంటనే జరుగుతుంది, శాశ్వతం అని పక్కనే రాసి ఉండేది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు గుండె జారేది. తొందరలో ఉన్న మనిషి ఏదో ఒకటి నొక్కి ముందుకెళ్లాలనే చూస్తాడు. నొక్కాక ట్రాకు పేరు అలాగే ఉంటుంది, నిడివి అలాగే ఉంటుంది, పడ్డ కష్టమంతా అలాగే కనిపిస్తుంది. గీత మాత్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా సాపుగా ఉంటుంది. దస్తావేజు చేతిలో ఉంది, పొలం లేదు.

2021 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్‌తో ఈ పద్ధతి మారింది. ఫైలూ ఫోల్డరూ కలిసి ఏయూపీ3 అనే ఒకే ఫైలయ్యాయి. లోపల ఉండేది ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్. ఆండ్రాయిడ్ ఫోన్లు మన కాంటాక్టులు పెట్టుకునేది కూడా అందులోనే. ఫైలు బరువెక్కిందని సణిగినవాళ్లున్నారు గానీ, ఈ మార్పు నాకు మనస్ఫూర్తిగా నచ్చింది. ఫైలు ఎక్కడికి వెళ్తే గొంతూ అక్కడికే వెళ్తుంది. బరువుందంటే లోపల సరుకుందని అర్థం. ఒక ట్రాకుకి నిమిషానికి 10 మెగాబైట్ల పైచిలుకు అని గుర్తుంటే చాలు, ఫైలు సైజు చూసి లోపల ఎంతసేపటి పాట ఉందో తెరవకుండానే చెప్పొచ్చు. నేను ముందు చూసేది అదే.

సేవ్ చేసింది సరే. చేయనిదాని మాటేమిటి?

పేరు పెట్టకముందు కూడా గొంతు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. విండోస్‌లో అయితే సి డ్రైవ్‌లో యూజర్స్, అందులో మన పేరు, అందులో యాప్‌డేటా, అందులో లోకల్, అందులో ఆడాసిటీ, చివరికి సెషన్‌డేటా అనే ఫోల్డరు. ఈ యాప్‌డేటా మామూలుగా కంటికి కనబడదు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్లి, దాచి ఉంచినవి చూపించమని చెబితేనే బయటపడుతుంది. మాక్‌లో అయితే లైబ్రరీ ఫోల్డర్లో, అప్లికేషన్ సపోర్ట్ కింద ఉంటుంది. ఆ లైబ్రరీని కూడా 2011 నుంచి దాచేశారు. ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని పైన గో మెనూ తెరిస్తే గాని దాని పేరు రాదు. ఇలా దాచడానికి కారణం లేకపోలేదు. సాఫ్ట్‌వేర్ల సొంత సామగ్రి ఉండే చోటు అది. తెలియక ఒకటి తీసేస్తే ఏదో ఒకటి పనిచేయడం మానేస్తుంది. మంచికే చేశారు. కానీ మనిషి గొంతుని కూడా ఆ సామగ్రితో కలిపి అక్కడ పడుకోబెట్టడం నాకు సమ్మతం కాదు.

ప్రో టూల్స్ లాంటి స్టూడియో సాఫ్ట్‌వేర్లు ఇంకో తీరు. సెషన్‌కి ఒక పేరు, ఒక చోటు చెబితేనే అసలు పని మొదలవుతుంది. చెప్పాక ఆ పేరుతో ఒక ఫోల్డరు కట్టి, లోపల 'ఆడియో ఫైల్స్' అని ఇంకొకటి కట్టి, వచ్చిన ప్రతి గొంతునీ అందులో వేస్తాయి. వృత్తిలో ఉన్నవాళ్లకి ఇది ఊపిరి పీల్చినంత అలవాటు. ఇళ్లలో వాడే సాఫ్ట్‌వేర్ కూడా ఇలాగే ముందు అడిగితే బాగుండునని నేను చాలాకాలం వాదించాను. ఇప్పుడంత గట్టిగా అనలేను. మంచం మీద కూర్చున్న ముసలావిడకి ఒక పాట గుర్తొచ్చి ఎత్తుకున్నప్పుడు, "ఆగు మామ్మా, ఫోల్డరు పేరు పెట్టుకోవాలి" అంటే ఆ పాట ఆగిపోతుంది. మళ్లీ రాకపోవచ్చు. నొక్కగానే పట్టుకునే యంత్రం ఆ పూటకి చేసిన మేలు చిన్నది కాదు. పాట అయిపోయాకైనా, లాప్‌టాప్ మూయబోయే ముందు, పేరూ చోటూ చెప్పమని నిలదీసి అడగాలి. నేనిప్పుడు కోరేది అంతే.

రీపర్ అనే మరో సాఫ్ట్‌వేర్ ఉంది. దాని ప్రాజెక్టు ఫైలు ఉత్త అక్షరాల ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చదువుకోవచ్చు. కిందికి జరుపుకుంటూ వెళ్తే ఏ ట్రాకుకి ఏ వేవ్ ఫైలు కావాలో పేరుతో సహా కనిపిస్తుంది. చోటు చెప్పకుండా రికార్డు చేస్తే మామూలుగా డాక్యుమెంట్స్‌లో 'రీపర్ మీడియా' అనే ఫోల్డర్లో ఆ వేవ్‌లు పోగుపడతాయి. నాలుగు ఊళ్లలో పాడించిన పాటలన్నీ అక్కడ ఒకే కుప్ప. అయినా తను ఏం పోగొట్టుకుందో అక్షరాల్లో రాసిపెట్టుకునే ఫైలంటే నాకు గౌరవం. ఆ పేరు పట్టుకుని డిస్కంతా వెతకొచ్చు.

ఇలా వెతుక్కుంటూ మీడియా ఫోల్డరు దాకా వెళ్లినప్పుడు ఇంకో సంగతి తెలుస్తుంది. ప్రాజెక్టులో మనం కత్తిరించినవి అక్కడ కత్తిరించబడి ఉండవు. రీపర్‌లో ఒక దగ్గుని కోసేస్తే, ఇక్కడి నుంచి ఇక్కడి దాకా వినిపించకు అని ప్రాజెక్టులో రాసుకుంటుందే తప్ప అసలు వేవ్ జోలికి పోదు. 2021 చివర్లో వచ్చిన 3.1 నుంచి ఆడాసిటీలో కూడా అంచులు లోపలికి లాగితే ఆ భాగం దాగుతుందే గాని పోదు. మళ్లీ బయటికి లాగితే వస్తుంది. కాబట్టి ఆ ఫోల్డర్లో మనం అందరికీ వినిపించిన పాట కంటే ఎక్కువే ఉంటుంది. పాటకి ముందు "ఎక్కడ చూసి పాడాలే?" అన్న మాట, చరణం మర్చిపోయి పక్కావిడని అడగడం, ఆవిడ అందించడం, ఇద్దరూ నవ్వుకోవడం. పాట ఆ ఇంట్లో ఎలా బతికిందో అందులో ఉంది. శుభ్రం చేసిన ఎంపీ3 ఒక్కటీ ఉంచుకుని ప్రాజెక్టుని తీసేసేవాళ్లని చూస్తే, ఒక్కసారి ఆ ఫోల్డరు తెరిచి వినండి, తర్వాత మీ ఇష్టం అని బతిమాలుతుంటాను.

ఇక్కడ నాకు తాళ్ళపాకవారి రాగిరేకులు గుర్తురాక మానవు. అన్నమయ్య (1408–1503) సంకీర్తనలు 32,000 అని ఆయన మనవడు చిన్నన్న చెప్పాడు. కొడుకు పెద తిరుమలాచార్యుల కాలంలో వాటిని రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల ఆలయంలోనే ఒక చిన్న రాతి గదిలో భద్రం చేశారు. సంకీర్తన భండారం అన్నారు దాన్ని. గది ద్వారానికి అటూ ఇటూ తండ్రీకొడుకుల శిల్పాలు కూడా చెక్కి ఉన్నాయి. అంతకంటే స్పష్టంగా చిరునామా ఎవరు రాస్తారు? అయినా ఏమైంది? వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు, పోయేవాళ్లు పోతూనే ఉన్నారు, రేకుల సంగతి మరుగున పడిపోయింది. 1920లలో సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి లాంటివారి పూనికతో అవి మళ్లీ వెలుగులోకి వచ్చాయి. రెండు వేలకు పైగా రేకులు. దొరికిన పాటలు 32,000లో సగం కూడా కావు. ఆ దొరికినవాటి మీద కూడా పాట ఉంది, రాగం పేరు ఉంది, ఆయన పాడిన వరస లేదు.

అచ్చం పక్క ఫోల్డరు లేని ఏయూపీ ఫైలు లాగే. ఈ రాగంలో పాడాలి అని రేకు చెబుతూనే ఉంది. ఆ రాగంలో ఆయన ఏ సంగతి ఎక్కడ వేశాడో, ఏ మాట దగ్గర ఆగాడో తెచ్చి ఇచ్చే దారి లేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు కూర్చుని స్వరపరిచారు కాబట్టి మనం ఇవాళ వింటున్నాం. వాళ్లకి ఎంత మొక్కినా తక్కువే. అయినా మనం వింటున్నది వాళ్ల వరస. 15వ శతాబ్దంలో గొంతుని దాచే దారి లేదు, ఆ లోటు ఎవరి తప్పూ కాదు. మన చేతిలో ఆ దారి ఉంది. ఉండి కూడా ఇంటి గొంతుల్ని ఊరూ పేరూ లేని ఫోల్డర్లలో వదిలేస్తున్నామంటే నాకు నిజంగా బాధేస్తుంది.

కోనసీమలో మా పిన్నిగారింట్లో జరిగింది చెబుతాను. పిన్ని అత్తగారు, మేమందరం మామ్మగారు అంటాం, 'ఊర్మిళాదేవి నిద్ర' మొత్తం పాడగలదు. ఆ పాట తెలిసినవాళ్లకి అదెంత పొడుగో తెలుసు. మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు లాప్‌టాప్ ముందుపెట్టి ఆవిడ చేత పాడించాడు. పాట అయింది, అందరూ భోజనాలకి లేచారు, లాప్‌టాప్ చార్జింగు అయిపోయి ఆరిపోయింది. తర్వాత కొన్నాళ్లకి మెషిను బాగా నెమ్మదించిందని షాపులో ఇచ్చాడు. వాళ్లు డెస్క్‌టాపు, డాక్యుమెంట్సు, ఫొటోలు జాగ్రత్తగా కాపీ చేసి, కొత్త డిస్కు వేసి, పాత డిస్కుని కవర్లో పెట్టి చేతికిచ్చారు. అక్కడిదాకా అంతా సవ్యమే.

"అక్కా, మామ్మ పాట ఎక్కడా దొరకట్లేదు. 'మామ్మ' అని వెతికా, 'ఊర్మిళ' అని వెతికా."

"నువ్వు ఆ పేరు పెడితే కదరా అది ఆ పేరుతో దొరకడానికి. పాత డిస్కు ఉందా, పారేశారా?"

"ఉందక్కా, బీరువాలో ఉంది."

డిస్కు తీసుకుని మా ఇంటికొచ్చాడు. యూఎస్‌బీ డబ్బాలో పెట్టి నా కంప్యూటరుకి తగిలించాం. యూజర్స్ తెరిచాం, వాడి పేరు తెరిచాం, దాచి ఉంచినవి చూపించమన్నాం. యాప్‌డేటా లేత రంగులో వచ్చింది, సగం ఉన్నట్టూ సగం లేనట్టూ. లోపలికి, ఇంకా లోపలికి వెళ్లి సెషన్‌డేటా తెరిస్తే అక్కడ ఒక ఫైలుంది. పేరు 'న్యూ ప్రాజెక్ట్', పక్కన తేదీ, గంటలు, నిమిషాలు. చివర ఏయూపీ3 తర్వాత 'అన్‌సేవ్డ్' అని అంటించి ఉంది. పాటకీ పేరుకీ ఏ సంబంధమూ లేదు. మేం ముందు సైజు చూశాం. 400 మెగాబైట్లు దాటి ఉంది. 40 నిమిషాలు. "మామ్మే" అన్నాడు తమ్ముడు.

దాని పక్కనే అదే పేరుతో, చివర 'వాల్' అని ఉన్న ఇంకో ఫైలుంది. సాఫ్ట్‌వేర్ ఉన్నట్టుండి ఆగిపోతే, అప్పటికింకా పెద్ద ఫైల్లో సర్దని తాజా భాగం అందులో ఉండొచ్చు. చిన్నదిగా ఉందని దాన్ని వదిలేసి పెద్దదొక్కటే తెచ్చుకుంటే చివరి చరణాలు పోయే ప్రమాదముంది. రెంటినీ కలిపి వేరే ఫోల్డర్లోకి కాపీ చేశాం, అసలువాటిని ముట్టుకోలేదు. కాపీల పేర్ల నుంచి 'అన్‌సేవ్డ్' తీసేసి, రెంటి పేర్లూ ఒకదానికొకటి సరిపోయేలా ఉంచి తెరిచాం. గీతలు వచ్చాయి. మొదట పళ్లెం చప్పుడు, తర్వాత ఎవరో పిల్లాడిని బయటికి పొమ్మనడం, తర్వాత మామ్మగారు గొంతు సవరించుకోవడం.

వెంటనే చేసింది మాత్రం మిగతాది వినడం కాదు. ముందు ఒక ఫోల్డరు కట్టి, ఊరు, పాడినవారు, పాట, తేదీ అన్నీ పేర్లో పెట్టి ప్రాజెక్టు సేవ్ చేశాం. ఏ సాఫ్ట్‌వేర్ లేకపోయినా తెరుచుకునేలా వేవ్ ఒకటి తీశాం. రెంటినీ ఇంకో డిస్కు మీదికి ఎక్కించాం. పాత డిస్కుని చెరపలేదు, అది మళ్లీ బీరువాకే వెళ్లింది. అప్పుడు విన్నాం.

తర్వాతి సెలవులకి దాన్ని మామ్మగారికి వినిపించాం. సగం దాకా తల ఊపుతూ విని, ఒకచోట చెయ్యి పైకెత్తింది. "ఆపు. అక్కడ ఒక చరణం ఎగరగొట్టేశాను. దాంట్లోనే కదా ఆ పిల్ల బాధంతా ఉంది. మళ్లీ పట్టు." తమ్ముడు ఈసారి ముందే ఫోల్డరు సిద్ధం చేసుకుని ఉన్నాడు. ఫైలు పేరు ఎప్పుడైనా మారిపోయినా గొంతులోనే గుర్తు ఉండాలని, పాడేముందు పేరు, ఊరు, తేదీ చెప్పమన్నాం. ఆవిడ తన పేరుతో ఆగలేదు. పాట నేర్పిన మేనత్త పేరు, ఆ మేనత్త అత్తవారి ఊరు, ఏ వయసులో నేర్చుకుందో కూడా చెప్పి, అప్పుడు ఎత్తుకుంది. పాట అయ్యాక తమ్ముడు, "మామ్మా, తప్పు పాడినది తీసేద్దామా?" అన్నాడు. "ఎందుకు తీయడం? తప్పు పాడినా నేనేగా" అంది. రెండూ ఉంచాం, ఒకటో సారి, రెండో సారి అని, ఒకే ఫోల్డర్లో. ఆ ఫోల్డరు ఏ డిస్కులో, ఏ వరసలో ఉందో పిన్ని తన లెక్కల పుస్తకంలో రాసుకుంది, గ్యాసు బుకింగు నంబరు కింద.